సుత్తి మీద కన్ను

నేను ఒక గాజు గంటను. గంట అన్నాను కదా అని గుళ్ళో వేలాడేదాన్ని ఊహించుకోకండి. ఆకారానికే గంటను, మోగడం నా పని కాదు. ఆవకాయ జాడీని బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను, కాకపోతే ఆవకాయ మొహం ఎన్నడూ చూడలేదు. సైన్సు పుస్తకంలో ధ్వని పాఠం దగ్గర నా బొమ్మ ఉంటుంది, పక్కన బాణం గీసి బెల్ జార్ అని రాసి ఉంటుంది. పరీక్ష ముందు రోజు మీరూ ఆ బొమ్మ వేసే ఉంటారు, మర్నాడు మరిచిపోయే ఉంటారు. నేనేమీ అనుకోను.

నన్ను ఉత్తరాదిన, సైన్సు సామాన్లు చేసే అంబాలాలో ఊదారు. చేశారు అనడంలేదు, ఊదారు అంటున్నాను. ఎర్రగా కాగిన గాజుముద్దను ఇనప గొట్టం చివర అంటించుకుని, బుగ్గలు పూరీల్లా పొంగించి ఒక మనిషి ఊదితే పుట్టాను. అలా ఒకరి ఊపిరితో పుట్టినదాన్ని తీసుకెళ్ళి, ఊపిరంతా తోడేసుకునే పనిలో పెట్టారు. మనుషుల పద్ధతులు ఇలాగే ఉంటాయి.

నా విద్య చిన్నది. నెత్తిన రబ్బరు బిరడా. దాన్నుంచి నా కడుపులోకి ఒక కరెంటు గంట వేలాడుతుంది. చిన్న ఇత్తడి గిన్నె, దాన్ని టకటకా కొట్టే బుల్లి సుత్తి, అంతే. నేను కూచునే పళ్ళేనికి ఒక గొట్టం, గొట్టం చివర చేతిపంపు. పంపు లాగినకొద్దీ నాలో గాలి తగ్గుతుంది. గాలి తగ్గినకొద్దీ చప్పుడు సన్నబడి, చివరికి వినపడదు. అయితే గొప్పంతా వినపడకపోవడంలో లేదు. స్విచ్చి కట్టేసినా వినపడదు, దానికి నేనెందుకు? చప్పుడు పోయాక కూడా సుత్తి కొడుతూనే కనపడుతుంది. అదీ సంగతి. కళ్ళకు కనపడుతున్న దెబ్బ చెవికి రాలేదంటే, దాన్ని మోసుకొచ్చేదేదో మధ్యలో కరువైందన్నమాట. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, నా కథకు మీకు ఇంతకుమించిన సైన్సు అక్కర్లేదు.

నన్ను గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో పడుకోబెట్టి తణుకు పంపారు. కాలువగట్టు పక్కన ఒక ప్రైవేటు హైస్కూలు. అక్కడ నాకు జరిగిన మొదటి సత్కారం తాళం. స్టాకులో ఏ వస్తువు పగిలినా దానికి సంతకం పెట్టిన టీచరుదే పూచీ, కాబట్టి సంతకం పెట్టిన మరుక్షణం వస్తువును బీరువాలో పెట్టి తాళం వెయ్యడం ఆ స్కూలు సంప్రదాయం. కొత్త కోడలికి పట్టుచీర పెట్టి, కడితే మాసిపోతుందని పెట్టెలోనే ఉంచే అత్తగార్లుంటారు చూడండి, అలాంటి భద్రత. ఏడాదికోసారి స్టాకు చూసుకోవడానికి ఎవరో వచ్చి, అద్దం తలుపులోంచి నన్ను చూసి, ఉందిలే అనుకుని వెళ్ళిపోయేవారు. నా ముందే బల్లల మీద కూచుని పిల్లలు నా ప్రయోగాన్ని కంఠతా పట్టేవారు. 'గంట శబ్దము క్రమముగా తగ్గును' అని వాళ్ళు అరుస్తుంటే వెనక బీరువాలో నిలబడి నేనూ నేర్చుకునేదాన్ని.

ఆ బీరువా తాళంచెవి హైమావతి టీచర్ నడుం దగ్గర ఉండేది. ఫిజిక్సులో పెద్ద చదువే చదివింది. ఆవిడకు తెలియనిది లేదు, చెప్పడమొక్కటే తెలియదు. బోర్డు వైపు తిరిగి, పిల్లలకు వీపు చూపించి, గంటసేపు అదే శ్రుతిలో చెప్పుకుంటూ పోయేది. పోపు పెట్టని పప్పులాంటి గొంతు: ఒంటికి మంచిదే, ముద్ద దిగదు. పిల్లలు ఆవిడ పాఠాన్ని సుత్తి అనేవాళ్ళు. అది వేరే సుత్తి, మా ఇంటిది కాదు.

ఆవిడ భర్త రైసుమిల్లులో గుమాస్తాగా ఉండగా పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. అప్పట్నుంచి ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీదే. ఆ ఉద్యోగమైనా ఖాయం చేసింది కాదు, ఏటేటా కరస్పాండెంటు గోపాలరాజు గారి దయ ఉంటే చిగురించేది. ఆయన స్కూలుకు యజమాని, మర్యాదస్తుడు. ఎవర్ని తీసేసినా 'గారు' తగిలించకుండా తీసేసి ఎరగరు.

ఇలా ఉండగా కాలువకు అవతల చల్లటి గదుల స్కూలొకటి వెలిసింది. గోడల మీద రాకెట్టు బొమ్మలు, గేటు దగ్గర ఇంగ్లీషులో నమస్కారం. మా పిల్లలు ఒక్కొక్కళ్ళే వంతెన దాటడం మొదలుపెట్టారు. గోపాలరాజు గారు ఆలోచించి బెజవాడ నుంచి కిరీటి అనే ఆయన్ని పిలిపించారు. పాఠం చెప్పడం కాదు, పాఠాన్ని ఎలా ప్రదర్శించాలో టీచర్లకు నేర్పడం ఆయన వృత్తి. ఫ్యాన్లు సరిగా తిరిగే గది ల్యాబొక్కటే కాబట్టి ఆ శిక్షణంతా నా ఎదురుగానే జరిగింది. అది కాగానే సైన్సు డే అనీ, ఆ రోజు తల్లిదండ్రుల ముందు ఒక్కొక్క టీచరు ఒక్కొక్క పాఠం చెయ్యాలనీ, దాన్నిబట్టే వచ్చే ఏడాది ఎవరుంటారో తేలుతుందనీ గోపాలరాజు గారు ముందే చల్లగా చెప్పి ఉంచారు.

కిరీటి చెప్పినవన్నీ తప్పులైతే ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు. బోర్డుకి కాదు, పిల్లలకి చెప్పండన్నాడు. చివరి బెంచీ పిల్లవాడి కళ్ళలోకి కూడా ఒకసారి చూడండన్నాడు. గొంతు పెంచడమే కాదు, ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆపాలో తెలుసుకోండన్నాడు. జవాబు చెప్పి ప్రశ్న అడక్కండి, ప్రశ్న అడిగి కాసేపు ఆకలి వెయ్యనివ్వండన్నాడు. వంటింట్లో తిరిగే ఏ ఆడదానికైనా తెలిసిన సూత్రమే, ముందు వాసన, తర్వాత విస్తరి. దాన్నే ఆయన తెర మీద రంగుల్లో వేసి చూపిస్తే టీచర్లందరూ నోరు తెరిచి చూశారు. ఆఖర్న మాత్రం ఇంకొకటి చెప్పాడు. పాఠంలో ఒక్క క్షణం అందరూ అబ్బ అనాలి, ఆ క్షణం కోసం ఏం చేసినా తప్పులేదన్నాడు. హైమావతి టీచర్ అది కూడా రాసుకుంది.

ఆవిడ కష్టపడింది. అందరూ వెళ్ళాక బీరువా అద్దం ముందు నిలబడి నవ్వడం నేర్చుకునేది. మొదట్లో ఆ నవ్వు పంటినొప్పిలా ఉండేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో దోసెలు తిప్పేది. నాకు నవ్వొచ్చేది, తర్వాత జాలేసేది, ఆ తర్వాత ఒకరోజు రెండూ రాలేదు. ఆవిడ నిజంగానే బాగా చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు తొమ్మిదో తరగతి. నేను మాట్లాడే మాట మీ చెవిదాకా ఎలా వస్తోంది అని అడిగి, ఊరుకుంది. పిల్లలకు ఇది కొత్త. ఆవిడ ఊరుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు. తర్వాత కొందర్ని వరసగా నిలబెట్టి, వెనకవాడు ముందువాడి భుజం మీద మెల్లిగా తొయ్యాలంది. తోపు చివరిదాకా పోయింది, ఎవడి చోట్లో వాడే ఉన్నాడు. మీరంతా గాలి, ఆ తోపే చప్పుడు అంది. క్లాసంతా నవ్వులు.

అప్పుడు ముందు బెంచీలోంచి కెజియా లేచింది. హమాలీ పనిచేసే ఏసోబు కూతురు. సన్నటి పిల్ల, రెండు జడలు, అడగాలనిపిస్తే ఆగలేని జబ్బు.

"టీచరండీ, మజ్జిలో నలుగురు బడికి రాలేదనుకోండి. అప్పుడా తోపు ఏమైపోద్దండీ?"

అన్నేళ్ళ సర్వీసులోనూ హైమావతి టీచర్‌కు అలాంటి ప్రశ్న రాలేదనుకుంటాను. నోటితో చెప్పను, చూపిస్తాను అంటూ నడుం దగ్గర తాళంచెవి తీసి, పిల్లలందరి ఎదుటా బీరువా తెరిచింది. తలుపు కిర్రుమంది. దుమ్ము తుడిచి నన్ను బల్ల మీద పెట్టింది. అంతమంది పిల్లల మొహాలు నామీద ఒక్కసారిగా వంగడం అదే మొదలు. నా జన్మలో మంచిరోజు ఏదంటే ఆ రోజే చెబుతాను.

సైన్సు డేకి నన్నే చూపించాలని ఆవిడ నిశ్చయించుకుంది. పంపులో తోలు వాచరు ఎండి అప్పడమై ఉంటే, ఇంట్లో కుక్కరు గాస్కెట్టు కత్తిరించి తెచ్చి అమర్చింది. నా అంచుకు వాజిలీను రాసింది. పంపు లాగి చూస్తే చప్పుడు సగానికి తగ్గింది. ఇంకొంచెం బిగిస్తే పూర్తిగా పోతుందని ఆవిడ ధైర్యం. పిల్లలకు ముందే చెప్పి ఉంచింది. చెవులను పట్టించుకోకండి, అవి ఎలాగూ వింటాయి, మీరు చెయ్యాల్సింది ఒకటే, సుత్తి మీద కన్నుంచండి, చప్పుడు పోయాక కూడా అది కొడుతూ ఉంటుంది, అదే అసలు పాఠం అంది. కెజియా ఆ మాట పెదవులతో మళ్ళీ అనుకోవడం నేను చూశాను.

ముందురోజు సాయంత్రం అంతా సరిచూసుకుంటుండగా పంపు ఒళ్ళే నిలువునా చీలింది. ఇనుముకీ ముసలితనం ఉంటుంది. గోపాలరాజు గారూ కిరీటీ అక్కడే ఉన్నారు. కొత్త పంపు రావాలంటే రాజమండ్రి నుంచి రావాలి, మర్నాడు పొద్దున్నే సభ. హైమావతి టీచర్ చీలిక మీద వేలుంచి గాలి ఆగుతుందేమోనని చూస్తూ ఉండిపోయింది.

కిరీటికి మాత్రం ఏ కంగారూ లేదు. కరెంటును మెల్లమెల్లగా తగ్గించే రియోస్టాట్ ఒకటి ల్యాబులో ఉంది, ఫ్యాను రెగ్యులేటరుకు పెద్దన్నలాంటిది. దాన్ని బల్ల సొరుగులో పెట్టి గంట తీగలకు కలిపాడు. నేను పంపు లాగుతున్నట్టు చేస్తాను, మీరు మాట్లాడుతూ సొరుగులో చెయ్యి తిప్పండి, చప్పుడు దానంతటదే సన్నబడుతుంది అన్నాడు. ఆవిడ వద్దంది. అది గాలి పోవడం కాదు, గంట ఆగిపోవడం అంది.

"మేడమ్, జనానికి కావాల్సింది నిశ్శబ్దం," అన్నాడు కిరీటి. "అదెక్కణ్ణించి వచ్చిందో ఎవరడుగుతారు?"

ఆవిడ గోపాలరాజు గారి వైపు చూసింది. ఆయన కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"మీ ఇష్టవండీ టీచర్ గారూ, బలవంతం ఏం లేదు. రేపు అందరి ముందూ గంట అలాగే మోగిందనుకోండి, ఎల్లుండి నుంచి మీవారి దగ్గరే ఉండి చూసుకోవచ్చు. పాపం ఆయనకీ తోడు కావాలి కదా."

ఇంత మెత్తగా ఎవరైనా అన్నం పళ్ళెం లాగేస్తే నేను చూడలేదు. ఆవిడ సొరుగు ఒకసారి తీసి, మళ్ళీ మూసి, చేతికి అందుతుందో లేదో చూసుకుంది.

మర్నాడు పందిరి, మైకు, మామిడాకులు. తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో, పిల్లలు ముందు జంపఖానా మీద. హైమావతి టీచర్ జరీచీర కట్టుకుంది. ఆవిడ అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు, మళ్ళీ చెప్పిందా అంటే అదీ అనుమానమే. గొంతు ఎక్కడ లేవాలో అక్కడ లేచింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న తాతగారొకాయన ఒలవడం మానేశాడు. నాలో గంట మోగుతోంది. కిరీటి చొక్కా చేతులు మడిచి, ఇంద్రజాలం చేసేవాడిలా పంపు లాగుతున్నాడు. చీలిక మీద రంగుకాగితం అంటించారు. నాలోంచి చిటికెడు గాలి కూడా కదల్లేదు. ఆవిడ ఎడమచెయ్యి సొరుగులో తిరిగింది. చప్పుడు తగ్గింది, ఇంకా తగ్గింది. సుత్తి ముసలమ్మ తల ఊగినట్టు కాసేపు వణికి, గిన్నెకు కాస్త దూరంలో ఆగిపోయింది.

నిశ్శబ్దం. వెనక కుర్చీల్లోంచి ఆ 'అబ్బ' వినపడింది. చప్పట్లు మొదలయ్యాయి.

జంపఖానా మీంచి కెజియా లేచింది.

"టీచరండీ, సుత్తి కదల్ట్లేదండీ."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ముందున్న పిల్లలు నా వైపు జరిగారు. కిరీటి నవ్వి, మైకు అందుకుని, పాపకు కళ్ళజోడు రాయించండి కరస్పాండెంటు గారూ అన్నాడు. అందరూ నవ్వారు. వెనకెక్కడో సున్నం మరకల చొక్కాతో నిలబడ్డ ఏసోబు కూడా, పెద్దవాళ్ళు నవ్వుతున్నారు కదా అని, నవ్వాడు. కెజియా కూర్చోలేదు. ఆ పిల్లకు ఎవరి తప్పూ పట్టాలని లేదు. చెప్పిన పని చేసింది, చూసింది చెప్పింది.

"మీరే కదండీ సుత్తి మీద కన్నుంచమన్నారు."

హైమావతి టీచర్ చెయ్యి ఇంకా సొరుగులోనే ఉంది. ఆవిడ మొహం నా గాజు మీద పడుతోంది, అందుకని నాకు బాగా కనపడింది. పంపు పాడైందమ్మా, నువ్వు చూసిందే నిజం అంటే సరిపోయేది. గోపాలరాజు గారు మొదటి వరసలో కూచుని ఎంతో మర్యాదగా చూస్తున్నారు.

"కదులుతోంది," అంది ఆవిడ. "సరిగ్గా చూడు."

కెజియా చూసింది. మీరు నమ్మండి, ఆ పిల్ల చాలాసేపు చూసింది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. కళ్ళు నులుముకుని చూసింది. తర్వాత నా మీంచి చూపు తీసి టీచర్ని చూసింది, ఆ వెనక మైకు పట్టుకున్నాయన్ని చూసింది, నవ్వుతున్న నాన్నను చూసింది.

"కదుల్తోందండీ," అని కూర్చుంది.

చప్పట్లు మళ్ళీ అందుకున్నాయి, ఈసారి ఇంకా జోరుగా.

వంతెన దాటిన పిల్లల్లో కొందరు తిరిగొచ్చారు. హైమావతి టీచర్ని సైన్సుకు ఇన్‌చార్జిని చేశారు. ఎలా చెప్పాలో ఇప్పుడు ఆవిడే కొత్త టీచర్లకు నేర్పుతోంది, బాగా నేర్పుతోంది కూడా. ఆవిడ క్లాసులో ఎవరూ కునుకు తియ్యరు. ప్రశ్న అడిగి ఆగితే చేతులన్నీ లేస్తాయి. ముందు బెంచీలో ఒక్క చెయ్యి మాత్రం లేవదు. ఆ పిల్లకు మార్కులేం తగ్గలేదు. పరీక్షలో నా బొమ్మ చక్కగా వేసి, సుత్తి కదులుచు కనబడును, శబ్దము వినబడదు అని రాసింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే. నూటికి నూరూ వెయ్యక తప్పని జవాబు. ఆ పేపరు ల్యాబులోనే దిద్దింది ఆవిడ. మార్కు వేశాక కలం మూత పెట్టడం మరిచిపోయి, సిరా ఆరిపోయేదాకా కూచుంది.

ఆ తర్వాతే రాజమండ్రి నుంచి కొత్త పంపు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఆవిడే తెప్పించుకుంది. ఒక మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటున్న వేళ, నన్ను బల్ల మీద పెట్టి కెజియాను పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది. గంట మోగించి, కొంగు నడుముకు దోపుకుని, తానే పంపు లాగింది. సొరుగు బార్లా తెరిచి పెట్టింది, ఖాళీగా.

ఈసారి నాలోంచి గాలి నిజంగానే పోయింది. ఇన్నేళ్ళకు నా కడుపు ఖాళీ అయింది. చప్పుడు పలచబడి, ఈగ రొదలా మారి, అదీ పోయింది. సుత్తి మాత్రం టకటకా కొడుతూనే ఉంది, గిన్నె వణుకుతూనే ఉంది. ఏమీ వినపడదు. దీనికోసం కదా నన్ను ఊదింది అనుకున్నాను.

"ఏం కనపడుతోంది కెజియా?" అంది ఆవిడ. శిక్షణలో నేర్చుకున్న గొంతు కాదది. పాత గొంతు, పోపు లేనిది.

కెజియా నన్ను చూడలేదు. టీచర్ మొహం చూస్తోంది, ఏ జవాబు కావాలో అక్కడేమైనా రాసి ఉందేమోనని.

"ఏం చెప్పమంటారండీ?"

"నన్ను కాదమ్మా. దాన్ని చూడు."

ఆ పిల్ల బుద్ధిగా నా వైపు తిరిగి చూసింది.

"కదుల్తోందండీ."

అదే మాట, ఆ రోజు చెప్పినట్టే. ఇవాళ అది నిజం, ఆ రోజు కాదు. రెండింటికీ మధ్య తేడా ఆ గొంతులో ఎక్కడుందా అని హైమావతి టీచర్ వెతుక్కుంది. ఉంటే కదా దొరకడానికి. బయట మధ్యాహ్నం బెల్లు కొట్టారు. అక్కడ గాలికి లోటు లేదు కాబట్టి బాగానే వినపడింది. వెళ్ళమంటారాండీ అని అడిగి, టీచర్ తల ఊపడం చూసి, కెజియా తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ పెదవులు చాలాసేపు కదిలాయి. ఏమంటోందో నాకు వినపడలేదు.

ఇప్పుడు నేను ల్యాబులో లేను. పేరు తెచ్చిన వస్తువునని ఆఫీసు గదిలో అద్దాల అరలో పెట్టారు. కింద నా పేరు బంగారు రంగులో రాయించారు. లోపల గంట తీసేశారు, చూడటానికి బోసిగా ఉందని ప్లాస్టిక్ గులాబీలు పెట్టారు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్ళు నా ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. హైమావతి టీచర్ రోజూ పొద్దున్నే సంతకానికి వస్తుంది, ఈ అర వైపు మాత్రం చూడదు.

నాలో ఇప్పుడు గాలి నిండుగా ఉంది. మోగేదే లేదు.